తేటపడిన కన్ను, తగ్గిన చూపు: కార్నియా మార్పిడి తర్వాత కంటి నరం సంగతి

కంటి ముందు భాగంలో నల్లగుడ్డును కప్పి ఉండే, అర మిల్లీమీటరుకు కాస్త పైబడిన మందం గల, రక్తనాళాలు లేని పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. గాయం వల్లనో, పుండు వల్లనో, పుట్టుకతో వచ్చిన లోపం వల్లనో ఆ పొర తెల్లబడితే వెలుతురు లోపలికి పోదు. పల్లెల్లో దీనినే కంట్లో పువ్వు పూసిందని చెబుతారు. మరణించినవారి కుటుంబం దానం చేసిన కంటి నుంచి కార్నియాను తీసి, తెల్లబడిన పొర స్థానంలో అమర్చే శస్త్రచికిత్సే కార్నియా మార్పిడి. ఇందులో కన్ను మొత్తం మారుస్తారన్న నమ్మకం ఇప్పటికీ చాలామందిలో ఉంది గానీ, మారేది ముందున్న పొర ఒక్కటే. దాని వెనుక ఉన్న కటకం, బొమ్మ పడే రెటీనా, ఆ బొమ్మను మెదడుకు చేరవేసే కంటి నరం అన్నీ రోగి సొంతవే, ఎప్పటివో అవే. 2023 మే నెలలో న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ వైద్యులు ఒక రోగికి ముఖంలో కొంత భాగంతో పాటు ఒక కన్నును మొత్తంగా అమర్చగా, ఆ కన్ను సజీవంగా నిలిచింది, రెటీనాకు రక్తం అందింది, కానీ చూపు మాత్రం రాలేదు; తెగిన కంటి నరాన్ని మెదడుతో తిరిగి కలిపే విద్య వైద్యశాస్త్రానికి ఇంకా అలవడలేదు.

పది పన్నెండు లక్షల సన్నని తంతువులు కలిసి ఏర్పడిన ఈ నరాన్ని వైద్యులు ఆప్టిక్ నెర్వ్ అంటారు. దాని తంతువు ఒకసారి చనిపోతే మళ్ళీ మొలవదు. మార్చిన కార్నియా చెడిపోతే మరొక కార్నియా వేయవచ్చు, అవసరమైతే ఇంకోసారి కూడా వేయవచ్చు. నరానికి అటువంటి రెండో అవకాశం లేదు. అయినా మార్పిడి చేయించుకున్న కుటుంబాల శ్రద్ధంతా సహజంగానే కంటికి కనిపించే కొత్త పొర మీద, దాని కుట్ల మీద, ఎర్రదనం మీద నిలిచిపోతుంది. కనిపించని నరాన్ని ఎలా కనిపెట్టుకొని ఉండాలో వివరించడం ఈ అధ్యాయం పని. కార్నియా మార్పిడి తర్వాత నరానికి హఠాత్తుగా వచ్చే ప్రమాదాలు అరుదైనవే కాబట్టి శస్త్రచికిత్సకు భయపడవలసిన పని లేదు. అరుదు అన్న కారణం చేతనే వాటి గుర్తులు ఎవరికీ తెలియకుండా పోతున్నాయి కాబట్టి, తెలుసుకొని ఉండటం మాత్రం అవసరం.

డోన్ నుంచి బంజారాహిల్స్ దాకా

కర్నూలుకు దగ్గర్లోని డోన్, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాతి క్వారీల్లో సుత్తి దెబ్బకు లేచిన రాతి పెచ్చు, పాలిషింగ్ యూనిట్లలో కోత యంత్రం చిమ్మే రవ్వ, చేలల్లో కంది పుల్ల, జొన్న చొప్ప, తుమ్మ ముల్లు తగిలి కంటి పొర గీరుకుపోవడం ఈ ప్రాంతంలో కార్నియా పోవడానికి ప్రధానమైన దారులు. ఆకు, పుల్ల వంటి వాటితో అయిన గాయంలో ఫంగస్ చేరి పుండు పడుతుంది. ఆ పుండు మీద పసరు పిండడం, చనుబాలు గాని ఆముదం గాని పోయడం, మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకోవడం వల్ల నయం కావలసిన పుండు కూడా పొర మొత్తాన్ని తినేస్తుంది. అద్దాలు పెట్టుకొని పని చేస్తే తప్పిపోయే నష్టమిది. రోజు కూలి మీద బతికేవారికి ఆ అద్దాలు సమకూర్చడం క్వారీ, యూనిట్ యజమానుల బాధ్యత అని ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవాలి.

కన్ను చెడిన తర్వాత ఈ ప్రాంతంవారు ముందు కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి, అక్కడి నుంచి చాలామంది హైదరాబాదుకు వెళతారు. కాచిగూడ వైపు వెళ్ళే రైళ్ళు ఆగే జంక్షన్ కావడం, 44వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఆనుకొని పోవడం వల్ల డోన్‌వారికి ఆ ప్రయాణం కొత్త కాదు. సినిమా దర్శకుడు, నిర్మాత ఎల్.వి.ప్రసాద్ అండతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో బంజారాహిల్స్‌లో ప్రారంభించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 1989 నుంచి రామాయమ్మ అంతర్జాతీయ నేత్ర నిధి పనిచేస్తున్నది. 2023 నాటికి ఆ సంస్థ 50,000 కార్నియా మార్పిళ్ళు పూర్తి చేసింది. ప్రపంచంలో మొదటి విజయవంతమైన మార్పిడి 1905 డిసెంబరులో, నేటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ చేతుల మీదుగా సున్నం పడి చూపు పోయిన ఒక కూలీ మనిషికి జరిగిందని తలచుకుంటే, ఆ విద్య ఎంత దూరం వచ్చి, ఎంతమంది పేదల గడపకు చేరిందో అర్థమవుతుంది.

హైదరాబాదు సంస్థ వైద్యులు తమ తొలి సంవత్సరాల 1,725 మార్పిళ్ళను పరిశీలించి 1997లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, మొదటి ఏడాది చివరికి సుమారు 80 శాతం, ఐదేళ్ళ చివరికి 46.5 శాతం కార్నియాలు తేటగా నిలిచాయి. పుండ్లు మాని మచ్చలు పడిన కళ్ళు, రెండోసారి మార్చిన కళ్ళు ఎక్కువగా ఉండటం ఇంతగా తగ్గడానికి ఒక కారణం. కార్నియా మొన తేలి పలచబడే కెరటోకోనస్ అనే జబ్బుకు చేసిన మార్పిళ్ళు అదే అధ్యయనంలో ఎంతో మెరుగ్గా నిలిచాయి. అయితే ఇటువంటి లెక్కల్లో కొలిచేది పొర తేటదనాన్ని. పొర తేటగా ఉన్నప్పటికీ నరం దెబ్బతిని చూపు రాని రోగి కూడా ఆ లెక్కలో విజయం కిందికే వస్తాడు. ఆసుపత్రి భాషలో మార్పిడి విజయవంతమైందన్న మాటకు, రోగి ఇంట్లో ఆ మాటకు చెప్పుకొనే అర్థానికి మధ్య ఉన్న ఈ తేడాను శస్త్రచికిత్సకు ముందే వైద్యుని అడిగి తెలుసుకోవడం మంచిది.

తెల్లని పొర వెనుక ముందే ఉన్న నష్టం

మార్పిడి తర్వాత బయటపడే నరం జబ్బుల్లో కొన్ని మార్పిడి వల్ల వచ్చినవి కావు. తెల్లబడిన కార్నియా వెనుక ఏముందో వైద్యుడు నేరుగా చూడలేడు. కంటి ఒత్తిడితో వచ్చే నీటికాసుల జబ్బు (గ్లాకోమా) ఏళ్ళ తరబడి నరాన్ని తినేసి ఉన్నా, పాత గాయం నరాన్ని నలిపి ఉన్నా, పొర మార్చిన తర్వాతే పాలిపోయిన నరం కనిపిస్తుంది. అందుకే శస్త్రచికిత్సకు ముందు చీకటి గదిలో టార్చి వెలుగును పైనుంచి, కింద నుంచి, కుడి ఎడమల నుంచి కంటి మీదికి వేసి, వెలుగు ఎటు నుంచి వస్తున్నదో చూపించమని రోగిని అడుగుతారు. నాలుగు వైపులా సరిగా చూపగలిగితే రెటీనా, నరం చాలావరకు పనిచేస్తున్నట్టు. ఒకవైపు తప్పు చెబితే అనుమానించవలసినట్టు. దీనితో పాటు కంటి లోపలి నిర్మాణాన్ని ధ్వని తరంగాలతో చూసే బి-స్కాన్‌ను, అవసరమైతే కంటికి చేరిన వెలుగుకు మెదడు ఎలా స్పందిస్తున్నదో కొలిచే వి.ఇ.పి. పరీక్షను చేస్తారు. టార్చి పరీక్షలో వైద్యుడిని మెప్పించాలని ఊహించి చెప్పే రోగులు ఉంటారు. పక్కనున్న బంధువు సైగ చేసి చెప్పించడమూ కద్దు. తెలియకపోతే తెలియడం లేదనే చెప్పాలి. ఆ నిజాయితీ మీదనే ఆ కంటికి శస్త్రచికిత్స పనికి వస్తుందా లేదా అన్న నిర్ణయం ఆధారపడి ఉంటుంది.

ఒత్తిడి: తరచుగా కనిపించే శత్రువు

అరుదైన వాటికి వెళ్ళే ముందు, అరుదు కాని ఒక ప్రమాదాన్ని చెప్పక తప్పదు. కంటి లోపల నిరంతరం ఊరి, నిరంతరం బయటికి పోతుండే ద్రవం వల్ల కంటిలో కొంత ఒత్తిడి ఉంటుంది. అది సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండాలి. మార్పిడి తర్వాత ద్రవం బయటికి పోయే కోణం అతుక్కుపోవడం, కుట్ల వల్ల నలిగిపోవడం, వాపు రావడం వంటి కారణాలతో ఒత్తిడి పెరుగుతుంది. శరీరం కొత్త పొరను తిరస్కరించకుండా నెలల తరబడి వేసుకోవలసిన ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ చుక్కలు కూడా, మూడింట ఒక వంతు మందిలో ఎంతో కొంత ఒత్తిడిని పెంచుతాయి. ఇక్కడ రోగి ఇరుకున పడతాడు: చుక్కలు మానేస్తే పొర తిరస్కరణకు గురవుతుంది, అదుపు లేకుండా వాడితే నరం పోతుంది. ఈ రెండింటి మధ్య దారి చూపేది ఒత్తిడి కొలత ఒక్కటే కాబట్టి, చుక్కలు పెంచడం గాని తగ్గించడం గాని వైద్యుడు కొలిచి చెప్పిన తర్వాతే జరగాలి. పాత చీటీ చూపించి మందుల షాపులో మరో సీసా తెచ్చుకోవడం చాలా కళ్ళను మౌనంగా పాడుచేసిన అలవాటు.

ఆ కొలత కూడా మార్చిన కన్నులో అంత తేలిక కాదు. మామూలుగా వాడే గోల్డ్‌మన్ పరికరం నునుపైన, సమానమైన పొర మీద సరిగా కొలుస్తుంది. కుట్లతో ఎగుడుదిగుడైన, వాచి మందమెక్కిన పొర మీద తప్పు అంకె చూపవచ్చు. అందుకే టోనోపెన్, ఐకేర్ వంటి చిన్న స్పర్శతో కొలిచే పరికరాలను వాడతారు. పదే పదే మార్పిడి విఫలమైన కళ్ళకు అమర్చే కృత్రిమ కార్నియాల మీద, అంటే బోస్టన్ కెరటోప్రోస్థెసిస్, మదురైలోని ఆరోల్యాబ్ తయారుచేసే ఆరో కెప్రో వంటి వాటి మీద ఏ పరికరమూ పనిచేయదు. వైద్యుడు రెప్ప మీదుగా తెల్లగుడ్డును వేలితో నొక్కి అంచనా వేయవలసిందే. అటువంటి కళ్ళలో పొర చక్కగా ఉండి కూడా నీటికాసుల వల్ల చూపు పోవడం పెద్ద సమస్యగా ఉన్నది. ఒత్తిడి మందులకు లొంగనప్పుడు ద్రవం బయటికి పోవడానికి సన్నని గొట్టాన్ని అమర్చవలసి వస్తుంది. ఆ గొట్టం వల్ల కొత్త కార్నియా లోపలి కణాలు తగ్గిపోయే ప్రమాదం ఉన్నా వైద్యులు నరం వైపే మొగ్గు చూపుతారు. ఆ మొగ్గు సరైనదే.

అరుదైనవి

ఇప్పుడు అసలు విషయం. కంటి నరం కంటిలోకి ప్రవేశించే చోట, ఆప్టిక్ డిస్క్ అనే గుండ్రని భాగానికి రక్తం వెనుక వైపు సిలియరీ ధమనుల నుంచి చిన్న చిన్న కొమ్మల ద్వారా అందుతుంది. పంజాబీ కుటుంబంలో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం పనిచేసిన నేత్ర వైద్యుడు సోహన్ సింగ్ హేరే ఈ ధమనుల మీద చేసిన పరిశోధనే ఈ జబ్బు గురించిన నేటి అవగాహనకు పునాది. ఆ రక్త ప్రసారం హఠాత్తుగా తగ్గి డిస్క్ వాచి, తంతువులు చనిపోవడాన్ని యాంటీరియర్ ఇస్కీమిక్ ఆప్టిక్ న్యూరోపతి అంటారు. ఇస్కీమిక్ అంటే రక్తం చాలకపోవడం వల్ల కలిగినది. రక్తనాళాల వాపు జబ్బు లేకుండా వచ్చే రకం యాభై ఏళ్ళు దాటినవారిలో, మధుమేహం, రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు ఉన్నవారిలో ఎక్కువ. శస్త్రచికిత్స లేకుండా కూడా వస్తుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత, కార్నియా మార్పిడి తర్వాత వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి.

మార్పిడికి, ఈ జబ్బుకు ఉన్న లంకెను ఇలా అర్థం చేసుకోవచ్చు. ఆప్టిక్ డిస్క్‌కు అందే రక్తం, శరీరంలోని రక్తపోటుకు కంటిలోని ఒత్తిడికి మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కాలువలో నీటిమట్టం కాస్త తగ్గగానే మొదట ఎండేది చివరి ఆయకట్టు మడి. ఆ డిస్క్ కూడా రక్త ప్రవాహానికి చివరి మడి వంటిదే. శస్త్రచికిత్స తర్వాత కంటి ఒత్తిడి పెరిగి, అదే రాత్రి పడుకునే ముందు వేసుకున్న బి.పి. మాత్ర వల్ల రక్తపోటు బాగా పడిపోతే, రెండు వైపుల నుంచీ తేడా తగ్గి ఆ భాగానికి రక్తం చాలదు. పుట్టుకతోనే డిస్క్ చిన్నగా, తంతువులు ఇరుకుగా కూరి ఉన్నవారిలో కొద్దిపాటి వాపు కూడా పక్క తంతువులను నొక్కి నష్టాన్ని పెంచుతుంది. ఇటువంటి డిస్క్ ఉన్నదో లేదో రెండో కన్ను చూసి వైద్యుడు చెప్పగలడు, ఎందుకంటే రెండు కళ్ళ డిస్క్‌లు సాధారణంగా ఒకే తీరుగా ఉంటాయి. బి.పి. మాత్ర ఏ వేళకు వేసుకోవాలన్నది శస్త్రచికిత్సకు ముందే అది రాసిన వైద్యుని అడగాలి. సొంతంగా మానడం మరింత ప్రమాదం.

కార్నియా లోపలి పొరను మాత్రమే మార్చే డీసెక్, డీమెక్ పద్ధతుల్లో కొత్త పొర అతుక్కోవడానికి కంటిలో గాలి బుడగ వదులుతారు. నెదర్లాండ్స్ వైద్యుడు గెరిట్ మెల్లెస్ బాట వేసిన ఈ పద్ధతులు కుట్ల బాధను ఎంతగానో తగ్గించాయి. అయితే అరుదుగా ఆ బుడగ కనుపాపను మూసేసి, ద్రవం ముందుకు రాకుండా ఆపి, కొన్ని గంటల్లోనే ఒత్తిడిని చాలా ఎత్తుకు తీసుకుపోతుంది. తీవ్రమైన కంటి నొప్పి, ఆ వైపు తలనొప్పి, వాంతులు దీని గుర్తులు. ఈ వాంతులను మత్తుమందు ప్రభావమనో, ప్రయాణం పడలేదనో సరిపెట్టుకోకూడదు; గంటల్లో బుడగను కొంత తీసేస్తే నరం దక్కుతుంది, తెల్లవారేదాకా ఆగితే దక్కకపోవచ్చు. ఈ ఒక్క కారణం చేతనే, గాలి బుడగ పెట్టిన రోజున డోన్‌కు తిరుగు ప్రయాణం కట్టడం తగని పని. వైద్యులు చెప్పినంతసేపు వెల్లకిలా పడుకొని, మరునాటి పరీక్ష అయ్యాకే బయలుదేరాలి.

మత్తు సూదికి సంబంధించిన ప్రమాదం మరీ అరుదు. కంటి వెనుక కండరాల మధ్యలోకి ఇచ్చే ఇంజెక్షన్‌లో సూది నరానికి గాని, దాని తొడుగుకు గాని తగలడం, లేదా కంటి వెనుక రక్తం చేరి నరాన్ని నొక్కడం జరగవచ్చు. కంటి పక్కగా ఇచ్చే పద్ధతి, మొద్దు సూదితో పొర కింద ఇచ్చే పద్ధతి, పూర్తి మత్తు ఇప్పుడు అందుబాటులో ఉండటం వల్ల ఈ ప్రమాదం బాగా తగ్గింది. గుండెజబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతిని తప్పనిసరిగా ముందే చెప్పాలి. తిరస్కరణ ముప్పు ఎక్కువగా ఉన్న కళ్ళకు నోటి ద్వారా ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందులు కూడా చాలా కొద్దిమందిలో నరాన్ని బాధిస్తాయని తెలుసు. ఇవి వాడేవారికి రెండు కళ్ళలోనూ చూపు తగ్గితే ఆ మందును అనుమానించాలి.

నొప్పి లేదు కదా అన్న మాట

రక్తం చాలక నరం దెబ్బతిన్నప్పుడు సాధారణంగా నొప్పి ఉండదు. ఎర్రదనం ఉండదు, నీరు కారదు, పొర తేటగానే ఉంటుంది. నిద్ర లేచేసరికి చూపులో సగం, చాలాసార్లు కింది సగం, చీకటి కమ్మినట్టు ఉంటుంది. రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. కార్నియా తిరస్కరణకు ఎర్రదనం, వెలుగు పడకపోవడం, చూపు తగ్గడం, నొప్పి అనే నాలుగు గుర్తులు ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చెబుతారు. రోగులు వాటిని బాగా గుర్తుపెట్టుకుంటారు కూడా. అందువల్లనే నొప్పీ ఎర్రదనమూ లేని నష్టం వచ్చినప్పుడు, గుర్తులేవీ లేవు కదా, గడువు తేదీకే వెళదామని ఆగిపోతారు. మార్చిన కంటికి చూపు స్థిరపడటానికి ఏడాదికి పైగా పట్టడం, కుట్లు సడలినప్పుడల్లా, తీసినప్పుడల్లా చూపు మారుతుండటం దీనికి తోడవుతాయి. మసక అలవాటైపోయిన కన్నులో కొత్త మసకను గుర్తించడం కష్టం. వైద్యుడికి కూడా కష్టమే. నరం జబ్బును పట్టుకోవడానికి టార్చి వెలుగును ఒక కంటి నుంచి రెండో కంటికి మార్చి మార్చి వేసి కనుపాప ముడుచుకునే తీరు చూస్తారు గానీ, 1963లో అర్జెంటీనా వైద్యుడు ఉరెట్స్-జవాలియా వర్ణించినట్టు, మార్పిడి తర్వాత కొందరిలో కనుపాప విచ్చుకొని శాశ్వతంగా కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు రెండో కంటి కనుపాప స్పందనను బట్టి తేల్చుకోవలసి ఉంటుంది.

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉన్నది, దానికి పరికరాలేవీ అక్కర్లేదు. ప్రతి ఇంటి గోడ మీదా తెలుగు క్యాలెండర్ ఉంటుంది. అందులో ఆదివారాలు, పండుగ తేదీలు ఎర్ర అంకెల్లో అచ్చవుతాయి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట నిలబడి, బాగున్న కంటిని అరచేతితో నొక్కకుండా మూసుకొని, మార్చిన కంటితో ఆ పేజీ మధ్యకు చూడాలి. పై వరుస, కింది వరుస రెండూ అందుతున్నాయా, నిన్న కనిపించిన మేర నేడు కనిపిస్తున్నదా, ఆదివారం అంకెలోని ఎరుపు నిన్నటిలాగే ఉన్నదా, లేక ఇటుక రంగులోకి దిగిందా అని గమనించాలి. బాగున్న కంటితో పోల్చి దిగులు పడనక్కర్లేదు. మార్చిన కంటిని దాని నిన్నటి చూపుతోనే పోల్చాలి. అంకెలు ఆనని వారు అదే తీరున కిటికీ చట్రాన్ని గాని, ఎదుట కూర్చున్న మనిషి ముఖాన్ని గాని చూడవచ్చు. రెండు కళ్ళూ తెరిచి చూస్తే ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే బాగున్న కన్ను రెండో కంటి లోటును కప్పేస్తుంది.

ఆ రోజు ఏం చేయాలి

చూపులో ఒక భాగం హఠాత్తుగా పోయినా, రంగు వెలిసినా, నొప్పితో వాంతులైనా అదే రోజు బయలుదేరాలి. శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రి హైదరాబాదులో, డోన్‌కు రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నా, ముందు అక్కడికి ఫోను చేసి చెప్పి, యాభై కిలోమీటర్ల దూరంలోని కర్నూలులో కంటి ఒత్తిడి కొలిపించుకోవడం తెలివైన పని. ఒత్తిడి ఎక్కువగా ఉంటే ఎసిటజోలమైడ్ మాత్రలు, ఒత్తిడి తగ్గించే చుక్కలు అక్కడే మొదలుపెట్టగలరు. అందుకు ఆ వైద్యుడి చేతికి కాగితాలు అందాలి. ఏ రకం మార్పిడి జరిగింది, ఏ తేదీన, ఏ చుక్కలు రోజుకు ఎన్నిసార్లు, గత పరీక్షలో కంటి ఒత్తిడి ఎంత అన్న నాలుగు విషయాలు రాసిన డిశ్చార్జి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచాలి, దాని ఫొటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉండాలి. కొత్త వైద్యుడు తెలియక స్టెరాయిడ్ చుక్కలు ఒక్కసారిగా ఆపించకుండా కూడా ఈ కాగితమే కాపాడుతుంది.

రక్తం చాలక వచ్చిన నరం జబ్బుకు రుజువైన చికిత్స ఏదీ లేనప్పుడు ఇంత హడావుడి దేనికని ప్రశ్న రావచ్చు. నిజమే, నరం తొడుగును కోసి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్స ఫలితం ఇవ్వదని, హాని కూడా చేయవచ్చని అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన 1995లోనే తేల్చింది. స్టెరాయిడ్ల విషయంలో వైద్యుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కానీ హఠాత్తుగా చూపు తగ్గడానికి తిరస్కరణ, ఒత్తిడి పెరగడం, గాలి బుడగ అడ్డుపడటం, కంటి వెనుక రక్తం చేరడం, రెటీనా ఊడటం కూడా కారణాలు కావచ్చు. ఇవన్నీ చికిత్స ఉన్నవి, వేళ మించితే చికిత్స లేనివిగా మారేవి. వీటిలో ఏది అన్నది రోగి తేల్చుకోలేడు, ఫోనులో విన్న వైద్యుడూ తేల్చలేడు.

నరం దెబ్బతిన్నాక

మొదట వాచిన డిస్క్ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పాలిపోతుంది. అప్పటికి మిగిలిన చూపే చాలావరకు మిగిలేది, కొందరిలో కాస్త మెరుగవుతుంది. ఈ దశలో నరం బలానికని అమ్మే ఖరీదైన మాత్రల మీద, దూర ప్రాంతాల మూలకణ చికిత్సల మీద పొలం తాకట్టు పెట్టి ఖర్చు చేయడం కంటే, ఆ డబ్బును షుగరు, బి.పి. అదుపుకు, గురక ఎక్కువగా ఉంటే నిద్ర పరీక్షకు వెచ్చించడం మేలు. ఎందుకంటే ఈ జబ్బు వచ్చినవారిలో సుమారు 15 శాతం మందికి ఐదేళ్ళలోపు రెండో కంటికి కూడా వస్తుంది. రెండో కంటికి ఎప్పుడైనా శుక్లం ఆపరేషన్ గాని, మరొకటి గాని అవసరమైతే మొదటి కంటిలో ఏం జరిగిందో ఆ వైద్యుడికి ముందే చెప్పి తీరాలి.

చూపు తగ్గినవారికి పెద్ద కంటి ఆసుపత్రుల్లో లో-విజన్ విభాగాలు ఉంటాయి. భూతద్దాలు, సరైన దీపం, మిగిలిన చూపు వైపు తల తిప్పి చూసే శిక్షణ వంటివి అక్కడ దొరుకుతాయి. వైకల్య ధ్రువపత్రం విషయంలో ఒక నిజం ముందే తెలిసి ఉండాలి: ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగున్నవారికి నిబంధనల ప్రకారం 30 శాతమే వస్తుంది, చాలా ప్రయోజనాలకు కావలసిన 40 శాతం రాదు. క్వారీలో, చేలో, లారీ మీద పని చేసే ఒంటికంటి మనిషికి ఇది న్యాయం చేయదు. అటువంటి మనిషికి మిగిలిన కన్నే ఇంటికి ఆధారం గనుక, పనిలో ఉన్నంతసేపూ ఆ కంటికి రక్షణ అద్దం ఉండాలి, ఆరు నెలలకొకసారి దాని ఒత్తిడిని, నరాన్ని పరీక్ష చేయించాలి. ఈ అధ్యాయం చదివినవారి ఇంట్లో గాని, వీధిలో గాని కార్నియా మార్చుకున్నవారు ఉంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పొర ఎలా ఉందని అడగడంతో ఆగక, రెండు కళ్ళ ఒత్తిడి ఎంత, నరం ఎలా ఉంది అని అడిగి ఆ జవాబులను కాగితం మీద రాయించుకొని రమ్మని వారికి చెప్పండి. వీలైతే తోడు వెళ్ళండి.